నిద్ర కొనబోయి...

మావారు బండి మీంచి పడి మూడేళ్లయింది. ఆరోజు హెల్మెట్‌ ఉంది గానీ క్లిప్పు పెట్టుకోలేదు. తల మీద దెబ్బ మానింది. కుట్లు పడినచోట జుట్టు కూడా వచ్చింది. నిద్ర మాత్రం తిరిగి రాలేదు. రాత్రి రెండింటికి లేచి, పనిముట్ల డబ్బా ముందేసుకుని స్పానర్లు సైజుల వారీగా పేర్చుకుంటూ కూర్చుంటారు. తెల్లారితే చిన్నమాటకే పిల్లల్ని కసురుకుంటారు. తర్వాత తనే బాధపడతారు.

నిరుడు మా ఆడపడుచు ఓ క్లినిక్‌ కరపత్రం తెచ్చింది. తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోని మూలకణాల్ని వెన్నులోకి ఎక్కిస్తారట. పోయిన మెదడు కణాలు మళ్లీ పుట్టి హాయిగా నిద్రపడుతుందట. ఆరు లక్షలు! మాకున్నదల్లా నూటయాభై గజాల స్థలం. ‘అన్నయ్య కన్నా ఆ స్థలం ఎక్కువా వదినా?’ అంది. ఏం చెప్పను? అమ్మకానికి పెట్టేశాం.

బయానా తీసుకునే ముందురోజు మనసొప్పక, మొదట్నుంచీ ఆయన్ని చూస్తున్న న్యూరాలజీ డాక్టరమ్మకు ఆ కరపత్రం చూపించాను. ఆవిడ కోప్పడలేదు. దాని వెనకవైపే మెదడు బొమ్మ గీశారు. లోపల థలామస్‌ అనే భాగం ఉంటుందట. నిద్రపోయేటప్పుడు వచ్చే కొన్ని విద్యుత్‌ అలలకు మూలం అదే. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్‌ శాస్త్రవేత్తలు ఎలుకల్లో గమనించారట... దెబ్బ మెదడు పైపొరకు తగిలినా, కొన్ని వారాలకు థలామస్‌ దెబ్బతిని ఆ అలలు తగ్గిపోయాయి. సీ1క్యూ అనే ప్రొటీన్‌ను అడ్డుకుంటే తగ్గలేదు. 2019లో అర్వైన్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు, దెబ్బతిన్న ఎలుకల మెదడులో పిండదశ నాడీకణాలు నాటితే జ్ఞాపకశక్తి మెరుగైంది.

‘దారి లేదనను. కానీ అదింకా ఎలుకల దగ్గరే ఉందమ్మా’ అన్నారు.

జపాన్‌లో 2024లో తలదెబ్బకు ఓ మూలకణాల మందును షరతులతో అనుమతించారు. అదీ కాళ్లూచేతులు చచ్చుబడిన వాళ్లకే, నిద్ర కోసం కాదు. మన ఐసీఎంఆర్‌ 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే మజ్జ మార్పిడి తప్ప మిగతావన్నీ ప్రయోగాలే. ‘ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు’ అని డాక్టరమ్మ అంటుంటే, నా కళ్లు ఆరు లక్షల అంకె మీదే ఉన్నాయి.

స్థలం అమ్మలేదు. ఆడపడుచు నాలుగు నెలలు మాట్లాడలేదు. ఆ కోపం నామీదా, ఆశ పోయినందుకా... ఇప్పటికీ తెలీదు. డాక్టరమ్మ నిద్ర పరీక్ష చేయించారు. మధ్యాహ్నం కునుకు, సాయంత్రం టీ మాన్పించారు. రోజూ ఒకే వేళకు లేవమన్నారు. కొన్ని రాత్రులు నాలుగింటి దాకా పడుకుంటున్నారు. కొన్ని రాత్రులు మామూలే.

మొన్న డబ్బా చప్పుడుకు నాకూ మెలకువ వచ్చింది. పదమూడో నంబరు స్పానరు కనపడట్లేదన్నారు. లైటేసి ఇద్దరం మంచం కింద వెతికాం.