సంధిలో దోషం

మా అబ్బాయి కొనిచ్చిన ఆటోమేటిక్ కారు మొన్న ఉదయం మొరాయించింది. గేరు ‘పి’లో ఉన్నా తెరపై ఆ అక్షరం వెలగలేదు; తాళం తిప్పినా ఇంజను ఉలకలేదు. ‘ఎన్’లోకి మారిస్తే మాత్రం కదిలింది. గేరు ఈ రెంటిలో ఒకదానిలో ఉన్నదని సెన్సారు చెప్పనిదే స్టార్టరు తిరగదట.

“సెన్సారు పోయింది, మార్చవలసిందే” అన్నాడొక మెకానిక్కు. మా వీధి చివరి కార్ల ఎలక్ట్రీషియన్ తొందరపడలేదు. గేరు ‘పి’లో ఉంచి, మల్టీమీటరుతో కొలిచాడు. సెన్సారు వైపు తీగలో 12 వోల్టులు. కనెక్టరు దాటితే సున్న. విప్పి చూస్తే ఒక పిన్నుకు పచ్చని చిలుము!

“సెన్సారు మంచిదే మాస్టారూ, అతుకు దగ్గరే తేడా” అన్నాడు. చిలుము గీకి బిగించగానే ‘పి’ వెలిగింది.

30 ఏళ్ళు సంధులు బోధించినవాణ్ణి. అతుకు చూడకుండానే ఎందరు పిల్లలను మొద్దులని తీసిపారేశానో!