ఉత్తర ధ్రువం మీదుగా బెంగుళూరుకు

గోడకు వేలాడే ప్రపంచ పటం ముందు ఒకసారి నిలబడండి. ఎడమ పక్క అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో, కుడి పక్క మన బెంగుళూరు కనిపిస్తాయి. రెండు ఊళ్ళనూ కలుపుతూ బద్ద పెట్టి గీత గీస్తే, అది అట్లాంటిక్ సముద్రం, ఆఫ్రికా, అరేబియా దాటి వస్తుంది. విమానం కూడా ఈ దారినే వస్తుందనుకుంటున్నారా? రాదు!

ఎందుకో తెలియాలంటే ఒక నారింజపండూ, కాస్త దారమూ తెచ్చుకోండి. పండు తొడిమ ఉత్తర ధ్రువం అనుకోండి. తొడిమకు ఒక పక్క, కొంచెం కింద, చుక్క పెట్టండి. అది శాన్ ఫ్రాన్సిస్కో. దానికి దాదాపు ఎదురు పక్కన, ఇంకాస్త కిందగా మరొక చుక్క పెట్టండి. అది బెంగుళూరు. ఇప్పుడు రెండు చుక్కల మధ్య దారం బిగించి పట్టండి. చూశారా? దారం పండు నడుము చుట్టూ పోలేదు, తొడిమ పక్కనుంచే పోయింది! భూమి కూడా గుండ్రటిదే కనక, ఆ దారమే అన్నిటికన్నా దగ్గరి దారి. దాని పొడవు సుమారు 14,000 కిలోమీటర్లు. పటం మీది గీత వెంట వస్తే సుమారు 20,000 కిలోమీటర్లు అవుతుంది.

2021 జనవరి 9వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో ఎయిర్ ఇండియా విమానం ఒకటి ఈ ధ్రువం దారినే బయలుదేరింది. దాన్ని నడిపినవారందరూ స్త్రీలే. జోయా అగర్వాల్ వారికి నాయకురాలు. పాపగారి తన్మయి అనే కెప్టెన్ కూడా వారిలో ఉన్నారు.

ఆ దారి దగ్గరిదే గాని, తేలికైనది కాదు. ధ్రువ ప్రాంతంలో దిక్సూచి ముల్లును నమ్మటానికి లేదు. వేరే పరికరాల సహాయంతో దారి తెలుసుకోవాలి. అంత ఎత్తున గాలి గడ్డకట్టించే చలిగా ఉంటుంది. రెక్కల్లోని ఇంధనం సుమారు సున్నాకు 40 డిగ్రీల కిందికి చల్లబడితే పేరుకోసాగుతుంది. అందుచేత దాని వేడిని కనిపెట్టి చూస్తూ, అవసరమైతే విమానాన్ని కిందికి దించాలి. ఆపద వస్తే దిగటానికి విమానాశ్రయాలు కూడా అక్కడ బహు తక్కువ.

వారు క్షేమంగా బెంగుళూరులో దిగేసరికి 11వ తేదీ తెల్లవారుజామున మూడు దాటింది. 9న ఎక్కి 11న దిగారు గదా, రెండు రోజులు పట్టిందా? లేదు, సుమారు 17 గంటలే! శాన్ ఫ్రాన్సిస్కోలో 9వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర అయినప్పుడు మనకు 10వ తేదీ ఉదయం పది గంటలు. అక్కడి గడియారం చలికాలంలో మనకంటె పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది.

మీ బంధువులెవరైనా చికాగోలో ఉన్నారా? అయితే మీ బడిలోని గ్లోబు మీద హైదరాబాదు నుంచి చికాగోకు దారం బిగించి పట్టండి. వారికీ మీకూ దగ్గరి దారి ఎటునుంచి పోతుందో మీ మేష్టారికి మీరే చెప్పవచ్చు.