అవ్వ బైబిలు పీట



ఆదివారం అవ్వ ఒళ్ళో ఉన్న ఆ చెక్క పీట ఎక్కడ కొన్నారని మీలో చాలామంది అడుగుతున్నారు. కొనలేదు, చేయించాం. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

అవ్వ అక్షరం నేర్చుకున్నది నలభై దాటాక. 1990ల మొదట్లో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం ఊరూరా నడిచింది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారంటే, ఆ రాత్రి బడుల్లో ఒకచోట కూర్చున్న బలం కూడా అందులో ఉంది. అవ్వ కూలి నుంచి వచ్చి, పొయ్యి మీద అన్నం దించి, అప్పుడు పలక పట్టుకునేది. చదవడం వచ్చాక ఆమె కొనుక్కున్న మొదటి పుస్తకం బైబిలే.

పోయిన ఏడాది నుంచి ఆమె చేతులు వణుకుతున్నాయి. పెద్దక్షరాల బైబిలును కిరాణా అంగట్లో తూకం వేయిస్తే రెండు కిలోల పైనే ఉంది. పట్టుకోలేక చదవడం మానేసింది. మేము ఏం చేశామంటే, మనవడి ఫోనులో ఆడియో బైబిలు ఎక్కించి, "ఇక హాయిగా వినవచ్చు అవ్వా" అని చెప్పి వచ్చేశాం. మంచి పని చేశామనే అనుకున్నాం. మూడు ఆదివారాలు ఆమె మందిరానికి రాలేదు.

ఇద్దరం వెళ్ళి పలకరిస్తే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అంది: "మా అమ్మ కూడా వినే బతికింది అయ్యగారూ. నేను చదవడం నేర్చుకున్నాను గదా. మళ్ళీ వినే మనిషిని చేశారే."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో, ఎజ్రా ధర్మశాస్త్రం చదవడానికి చెక్కతో చేసిన ఎత్తైన పీఠం మీద నిలబడిన సంగతి మీకు తెలుసు. ఆ భాగం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో! మన మందిరానికి టేకు పుల్‌పిట్ చేయించినప్పుడు అవ్వ కూడా రెండు వందలు ఇచ్చింది. చదివి వినిపించే మాకు పీఠం అమరింది. ఇంట్లో కూర్చుని చదువుకునే మనిషికి ఒకటి కావాలేమోనన్న ఆలోచన మాకు రాలేదు.

మొదట ఆన్‌లైనులో ఒక ఇనుప స్టాండు తెప్పించాం. చూడ్డానికి బాగుంది. బైబిలు పెట్టగానే వెనక్కి వాలింది. పైగా పేజీలు పట్టే క్లిప్పులు ఆ పల్చటి కాగితాన్ని చింపేటట్టున్నాయి.

అప్పుడు మన ఊరి ఆచారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ఇంట్లోంచి వ్యాసపీఠం తెచ్చి చూపించారు. ముస్లిముల ఇళ్ళలో ఖురాను పెట్టుకునే రెహల్ కూడా ఇదే పద్ధతి. ఒకే పలకను రెండు కొసల నుంచి మధ్య దాకా నిలువునా చీల్చి, నడుమ పళ్ళు ఒకదానిలోంచి ఒకటి తిరిగేటట్టు చెక్కుతారు. మేకు లేదు, బందు లేదు, జిగురు లేదు. విప్పితే పీఠం, మూస్తే పలక. చూస్తూ అలాగే నిలబడిపోయాం. (వ్యాసపీఠం మీద బైబిలు పెట్టవచ్చా అని ఒక పెద్దాయన గొణిగారు. ఆయన పడుకునే మంచం చేసింది కూడా ఈ ఆచారే.)

కానీ అది అవ్వకు పనికిరాలేదు. దాని ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, ఆమె మోకాళ్ళు మడవలేదు. మంచం మీద పెడితే కాళ్ళు నులకలో దిగబడ్డాయి. ఇంకొకటి, అవ్వ ప్రతి మాట కింద వేలు ఆనించి చదువుతుంది. వేలు నొక్కితే పీఠం ఊగింది. పుస్తకాన్ని మోస్తే చాలదు, ఆ వేలిని కూడా మోయాలని అప్పుడు అర్థమైంది.

ఆచారి టేపు తీయలేదు. అవ్వను మంచం అంచున కాళ్ళు కిందికి పెట్టి కూర్చోబెట్టి, తొడలకు అటూ ఇటూ ఇటుకలు పేర్చి, పైన పలక ఉంచారు. ఆమె మెడ వంచడం మానేదాకా పలక వెనక వైపు కొంచెం కొంచెం ఎత్తారు. పై వరస, కింది వరస రెండూ కంటికి ఒకే దూరంలో ఉండాలట, లేకపోతే కళ్ళద్దాలు ఒక వరసకు పనిచేసి ఇంకో వరసకు పనిచేయవు. ఆ ఎత్తుకు ఒక పుల్ల విరిచి దాచుకున్నారు.

చెక్క వేపది. కింద అంచుకు ముందు రెండు అంగుళాల పట్టీ కొడితే పేజీ తిప్పేటప్పుడు చేతికి అడ్డం వచ్చింది, ఒక అంగుళానికి తగ్గించారు. కాళ్ళ కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటించాం, ఇక జారదు. ఫ్యానుకు పేజీలు ఎగరకుండా చీర అంచును గొట్టంలా కుట్టి, లోపల చింతగింజలు పోసి, పుస్తకానికి అడ్డంగా వేశాం. ఆదికాండం దగ్గర తెరిచినా ప్రకటన దగ్గర తెరిచినా పేజీలు కదలడం లేదు. ఆచారి చెక్క డబ్బులే తీసుకున్నారు.

పోయిన ఆదివారం వాక్యభాగం అవ్వ చదివింది. పన్నెండు వచనాలకు ఎంతసేపు పట్టిందో మీరూ చూశారు. ఆ రోజు మేము ప్రసంగం తగ్గించుకున్నాం. ఎవరూ బాధపడినట్టు కనబడలేదు.

ఇప్పుడు ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు అడుగుతున్నారు. వాళ్ళు కుర్చీలో కూర్చుంటారు గనుక అవ్వ పుల్ల వాళ్ళకు కుదరదు. శనివారం సాయంత్రం ఆచారితో కలిసి వస్తాం. నాలుగు ఇటుకలు, మీ బైబిలు, మీ కళ్ళద్దాలు దగ్గర పెట్టుకోండి.