భరత్ భూషణ్ తీసిన ఇళ్లు

గుడిమల్ల భరత్ భూషణ్ గారి ఫొటోలు చూస్తూ కూర్చున్నాను. వరంగల్ మనిషి. పత్రికల్లో ఫొటోగ్రాఫర్‌గా పనిచేశారు. ఆయన బతుకమ్మ ఫొటోలు చాలామందికి తెలుసు. నన్ను మాత్రం కదలనివ్వనివి ఆ పల్లెటూరి ఇళ్లే. అలికిన మట్టి గోడ, అరిగిన చెక్క తలుపు, పసుపు రాసి బొట్లు పెట్టిన గడప, వాకిట్లో ఆడవాళ్లు.

వార్త కోసం ఊరెళ్లిన కెమెరా సాధారణంగా తలుపు వైపు తిరగదు. ఆయన కెమెరా తిరిగింది. అప్పటికవి ఊరంతా ఉండే మామూలు ఇళ్లు, ఎవరికీ విశేషం కాదు. ఇప్పుడన్నీ స్లాబు ఇళ్లయ్యాయి. మంచిదే, వానకు కురవని కప్పు ఎవరికి వద్దు? కానీ తెలంగాణ పల్లె ఇల్లు ఎలా ఉండేదో పిల్లలకు చూపించాలంటే ఇలాంటి ఫొటోలే దిక్కు.

క్యాన్సర్‌తో ఏళ్ల తరబడి పోరాడుతూ కూడా కెమెరా వదల్లేదాయన. 2022 జనవరిలో వెళ్లిపోయారు.

ఆ ఫొటోలకు వరంగల్‌లో ఒక శాశ్వత గది కావాలి. ప్రతి ఫొటో కింద ఊరి పేరు, తీసిన ఏడాది రాసి పెట్టాలి. ఆ ఊళ్ల పెద్దవాళ్లు ఉండగానే ఈ పని జరగాలి. ఆ గడప ఎవరిదో చెప్పగలిగేది వాళ్లే.