ధమనులు కూడా అమానతే

మూత్రపిండాలు పనిచేయడం మానివేసిన మనిషి ఉన్న ఇంట్లో అందరి దృష్టీ రెండు విషయాల మీదనే నిలుస్తుంది. డయాలసిస్ రోజు తప్పకూడదు, క్రియాటినిన్ పెరగకూడదు. పరామర్శకు వచ్చిన బంధువులు కూడా ఆ రెండే అడిగి, దుఆ చేసి వెళతారు. అయితే డయాలసిస్ మీద ఉన్నవారి ప్రాణానికి ఎక్కువగా ముప్పు తెచ్చేది గుండె, రక్తనాళాల జబ్బు. యంత్రం రక్తాన్ని కడుగుతూ ఉండగానే, ఆ రక్తం ప్రవహించే ధమనులు లోలోపల గట్టిపడుతూ ఉంటాయి. ఆ మార్పుకు నొప్పి ఉండదు, వాపు ఉండదు.

మేము ముగ్గురు అక్కచెల్లెళ్ళం. శామీర్‌పేట నుండి మేడ్చల్‌కు బాహ్య వలయ రహదారి మీదుగా వారానికి మూడుసార్లు అబ్బాజాన్‌ను వంతులవారీగా తీసుకువెళుతున్నాము. ఒక్కొక్కసారి నాలుగు గంటలు. వారంలో ఉన్న 168 గంటలలో యంత్రం పనిచేసేది 12 గంటలు మాత్రమే. ఆరోగ్యవంతుని మూత్రపిండాలు ఆ 168 గంటలూ చేసే పనిని అది 12 గంటలలో చేయవలసి ఉంటుంది. మిగిలిపోయేదేమిటో, అది ఎక్కడికి చేరుతుందో తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నెదర్లాండ్స్ వైద్యుడు విల్లెం కోల్ఫ్ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, తొలి కృత్రిమ మూత్రపిండ యంత్రాన్ని నిర్మించారు. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతి రక్తనాళాలకు అమర్చే గొట్టాన్ని కనుగొన్న తరువాతనే రోగులను ఏళ్ళ తరబడి బ్రతికించడం సాధ్యమయింది. ఆ విధంగా బ్రతికినవారిని గమనిస్తూ వచ్చిన సియాటిల్ వైద్యులే, దీర్ఘకాలం డయాలసిస్ పొందేవారిలో ధమనుల జబ్బు వేగంగా ముదురుతున్నదని 1974లో లోకానికి తెలిపారు.

ధమని గోడకు మూడు పొరలు ఉంటాయి. అందరికీ తెలిసిన కొవ్వు పేరుకునే జబ్బు లోపలి పొరది. మూత్రపిండ రోగులలో దానితోపాటు మధ్య పొరలో సున్నం పేరుకుంటుంది. రక్తంలో భాస్వరం ఎక్కువైనప్పుడు ఆ పొరలోని కండర కణాలు తమ స్వభావం మార్చుకొని ఎముక కణాలవలె ప్రవర్తిస్తాయి. కాల్షియం, భాస్వరం కలిసి అక్కడ గట్టిపడతాయి. రబ్బరు గొట్టంవలె సాగవలసిన ధమని రేకు గొట్టంవలె మారుతుంది. అప్పుడు రక్తపోటులో పై సంఖ్య పెరుగుతుంది, కింది సంఖ్య తగ్గుతుంది. బిగిసిన గొట్టంలోనికి రక్తం నెట్టీ నెట్టీ గుండె గోడ దళసరి అవుతుంది. గుండెకు చేరవలసిన రక్తమే తగ్గుతుంది.

దీని జాడలు నెలనెలా ఇచ్చే రక్తపరీక్ష కాగితంలోనే ఉంటాయి. మొదట చూడవలసినది భాస్వరం. ఆరోగ్యవంతునికి డెసిలీటరు రక్తంలో 2.5 నుండి 4.5 మిల్లీగ్రాములు ఉంటుంది. డయాలసిస్ రోగిలో దానిని వీలైనంతవరకు ఆ హద్దుకు దగ్గరగా తేవాలని వైద్యులు ప్రయత్నిస్తారు. రెండవది కాల్షియం. మూడవది పారాథైరాయిడ్ హార్మోను. ఇది అదుపు తప్పితే ఎముకలలోని సున్నం కరిగి రక్తంలోనికి వస్తుంది. ఎముక బలహీనపడుతుంది, ధమని గట్టిపడుతుంది. నాలుగవది అల్బుమిన్, అది తగ్గడం పోషణ లోపానికో, ఒంట్లో అణగని వాపునకో సూచన. ఆ వాపును కొలిచే పరీక్ష సీఆర్‌పీ. ఈ రెండూ చెడినవారిలో ధమనుల జబ్బు కూడా ఎక్కువగా కనిపిస్తుంది. కాలేయం తయారుచేసే ఫెట్యుయిన్ అనే మాంసకృత్తు సున్నాన్ని రక్తంలో పేరుకోకుండా పట్టి ఉంచుతుంది. డయాలసిస్ రోగులలో అది తరచుగా తక్కువగా ఉంటుందని పరిశోధకులు గుర్తించారు.

కొలెస్ట్రాల్ మామూలుగా ఉన్నదని ఊరట చెందడానికి ఇక్కడ వీలులేదు. కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రలను డయాలసిస్ రోగులకు కొత్తగా మొదలుపెట్టి చేసిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2005, 2009 సంవత్సరాలలో వెలువడ్డాయి. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణాలు చెప్పుకోదగినంత తగ్గలేదు. అంతకుముందు నుండే ఆ మాత్రలు వాడుతున్నవారు వైద్యుని అడగకుండా మానరాదు.

మా ఇంటికి ఈ విషయం పుస్తక విజ్ఞానంగా రాలేదు. మా రెండవ చెల్లెలు తన మూత్రపిండం ఇస్తానన్నది. "బేటీ, నీ పిల్లల సంగతి ముందు చూసుకో" అని అబ్బాజాన్ ఏడాది పాటు ఒప్పుకోలేదు. కుమార్తె దగ్గరి బంధువు గనుక 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం ఆటంకం లేదు. ధర్మశాస్త్ర విషయమై, కొన్ని షరతులతో అవయవ దానాన్ని అనుమతిస్తూ జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్హ్ అకాడమీ 1988లో చేసిన తీర్మానాన్ని మా మౌలానా గారు వివరించారు. చివరికి ఆయన సరేనన్నారు. అప్పుడు తీసిన స్కానింగులో పొత్తికడుపు ధమనుల వెంట తెల్లని గీతలు కనిపించాయి.

శస్త్రవైద్యులు మాకు ఓపికగా చెప్పారు. కొత్త మూత్రపిండాన్ని తుంటి దగ్గరి ధమనికి కుట్టాలి. ఆ ధమని మెత్తగా ఉంటేనే సూది దిగుతుంది, కుట్టు నిలుస్తుంది. కుడివైపు ధమని చాలావరకు గట్టిపడింది. ఎడమవైపు ఇంకా పనికివస్తుంది. ఒకసారి పేరుకున్న సున్నాన్ని కరిగించే నమ్మకమైన మందు లేదు. పెరుగుదలను నెమ్మది చేయగలము. ఆరు నెలల తరువాత మళ్ళీ చూస్తామన్నారు. చెల్లెలి త్యాగం అందుకోవడానికి అబ్బాజాన్ ఒంట్లో నాలుగు వేళ్ళ పొడవు ధమని మెత్తగా మిగలాలి. ఆనాటి నుండి మా ఇంట్లో భాస్వరం అంకె కేవలం అంకె కాదు.

మామూలు భోజనంలో రోజుకు ఇంచుమించు ఒక గ్రాము భాస్వరం ఉంటుంది. అందులో సగానికి పైగా రక్తంలో చేరుతుంది. నాలుగు గంటల డయాలసిస్‌లో పోయేది ఒక గ్రాముకు లోపే. అందువలన యంత్రం ఒక్కటే చాలదు. భాస్వరాన్ని పట్టుకునే మాత్రలను అన్నంతో కలిపే వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే ప్రయోజనం ఉండదు. అమ్మీ ఆ మాత్రల డబ్బాను ఉప్పు డబ్బా పక్కనే పెట్టింది. కలేజీ, భేజా మానివేశాము. నల్లని శీతల పానీయాలు, నిలువ ఉంచిన మాంసపు వంటకాలు ఇంట్లోకి రానివ్వడం లేదు. వాటిలో కలిపే భాస్వరం చాలావరకు రక్తంలో చేరిపోతుంది. అయితే భయంతో మాంసకృత్తులన్నీ మానిపిస్తే అల్బుమిన్ పడిపోతుంది. కోడిగుడ్డు తెల్లసొన, కొలిచిన కొద్దిపాటి కోడిమాంసం అబ్బాజాన్ పళ్ళెంలో ఉంటాయి.

రమజాన్ మాసంలో ఈ లెక్క మరింత కష్టమవుతుంది. ఖర్జూరాలలో, పండ్ల రసాలలో పొటాషియం ఎక్కువ. అది హఠాత్తుగా గుండెను ఆపగలదు. హలీంలో గోధుమలు, పప్పులు, మాంసం మూడూ కలుస్తాయి. ఉపవాసం లేకుండా ఇఫ్తార్ దగ్గర కూర్చోవడం అబ్బాజాన్‌కు మొదట సిగ్గుగా ఉండేది. వ్యాధిగ్రస్తులకు దైవం ఇచ్చిన వెసులుబాటు దివ్యఖుర్ఆన్‌లోని అల్ బఖరా అధ్యాయంలో స్పష్టంగా ఉంది. నయమయ్యే ఆశ లేనివారు ప్రతి ఉపవాసానికి బదులు ఒక పేదకు అన్నం పెట్టాలని పండితులు చెబుతారు. అబ్బాజాన్ ఇప్పుడు ఫిద్యా ఇస్తారు; మాతోపాటు కూర్చొని ఒక్క ముక్క ఖర్జూరం నోట వేసుకుంటారు.

మా ప్రాంతం వైద్య విజ్ఞానానికి దూరమైనది కాదు. మన దేశపు తొలి జన్యు సాంకేతిక హెపటైటిస్ బి టీకాను 1997లో తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ మేడ్చల్ వద్దనే ఉంది. డయాలసిస్ రోగులకు ఆ టీకా ఎంతో అవసరం. శామీర్‌పేట చుట్టూ జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు ఉన్నాయి. అయినా డయాలసిస్ గది బయటి బల్లల మీద కూర్చున్న కుటుంబాలలో ఆ నెల కాగితాన్ని విప్పి చదివేవారు తక్కువ. ఆరోగ్యశ్రీ వలన యంత్రం ఖర్చు ఎందరికో తప్పింది. కాగితం చదవడానికి ఖర్చే లేదు.

కనుక ఇటువంటి రోగి ఉన్న ప్రతి కుటుంబానికి మా మనవి ఇది. రక్తపరీక్ష కాగితాలను తేదీల వరుసలో ఒక్కచోట ఉంచండి. భాస్వరం, కాల్షియం, అల్బుమిన్ గత నెలకంటె ఎటు జరిగాయో వైద్యుని అడగండి. పారాథైరాయిడ్ పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగిందో గుర్తుచేయండి. సున్నం ఉన్న మాత్రలను, విటమిన్ డి మాత్రలను సొంతంగా కొని వేయకండి. అవయవ మార్పిడి ఆలోచన ఉంటే ధమనుల స్కానింగు గురించి ముందుగానే మాట్లాడండి. శరీరం మనకు అప్పగింతగా వచ్చినదని నమ్మేవారికి ఈ జాగ్రత్త కూడా ఆ అప్పగింతలో భాగమే. మా రెండవ స్కానింగుకు ఇంకా ఏడు వారాలు ఉన్నాయి. పాఠకులు తమ దుఆలలో అబ్బాజాన్‌ను, మా చెల్లెలిని కూడా తలచుకోవాలని కోరుతున్నాము.