డైజెస్టర్ దగ్గరి లెక్కలు

జూన్ 3, మంగళవారం

పొద్దున్నే డైజెస్టర్ శాంపిల్ కుళాయి తిప్పాను. గుప్పుమని కుళ్లిన గుడ్ల వాసన, వెనకే నల్లటి స్లడ్జ్. లీటరు జాడీలో పట్టి అరగంట కదపకుండా ఉంచాను. పైన తేరుకున్న గోధుమరంగు నీళ్లు, అడుగున నల్లగా పేరుకున్న మడ్డి. పక్కనున్న ఎయిరేషన్ ట్యాంకులో స్లడ్జ్ ఎంత తీసినా పెరుగుతూనే ఉంటుంది. ఇక్కడ మాత్రం నెలలు గడిచినా అంతంతే. కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు: "ఇక్కడి బ్యాక్టీరియా సరిగ్గా తినట్లేదా సార్?"

తినకేం, గ్యాస్ మీటరు తిరుగుతూనే ఉంది. తిన్నదాంట్లో ఒంటికి పట్టేది తక్కువ, అంతే. ఎంత పడుతుందో ముందే లెక్కగట్టొచ్చని చెబితే నమ్మలేనట్టు చూశాడు. రేపోమాపో కూర్చోబెట్టి చూపించాలి.

జూన్ 5, గురువారం

సాయంత్రం షిఫ్టు అయ్యాక ఇద్దరం కూర్చున్నాం. ముందు ఈస్ట్ లెక్క. 1960లో బౌచాప్, ఎల్స్‌డెన్ గమనించింది ఇది: కణాలు శక్తిని ఖర్చుపెట్టే నాణెం లాంటి ఏటీపీ ఒక మోల్‌కి దాదాపు 10.5 గ్రాముల పొడి కణాలు పెరుగుతాయి. గాలి లేకుండా పులియబెట్టే ఈస్ట్‌కి ఒక మోల్ గ్లూకోజ్, అంటే 180 గ్రాముల మీద దక్కేది రెండే ఏటీపీలు. కాబట్టి 21 గ్రాముల ఈస్ట్. పుష్కలంగా గాలి అందిస్తే అదే గ్లూకోజ్ మీద 90 గ్రాముల దాకా వస్తుంది.

మన డైజెస్టర్‌లో మీథేన్ చేసే జీవుల దగ్గర ఏటీపీ లెక్క అంత తేలిగ్గా తెగదు. అసిటేట్ మీద వాటికి మోల్‌కి ఒక్క ఏటీపీ కూడా పూర్తిగా గిట్టదు. అక్కడ పనికొచ్చేది డెల్ఫ్ట్‌లో హైనెన్, వాన్ డైకెన్ 1992లో ఇచ్చిన పద్ధతి. కణం లోపలి దారులన్నీ తెలియనక్కర్లేదు. ఆహారంలో కార్బన్లెన్ని, అది ఎంత క్షయీకృతమై ఉంది అని చూస్తే చాలు, ఒక కార్బన్-మోల్ జీవపదార్థం (సుమారు 24.6 గ్రాములు) కట్టడానికి ఎంత గిబ్స్ శక్తి ఖర్చవుతుందో తెలుస్తుంది. గ్లూకోజ్ మీదయితే 236 కిలోజౌళ్లు, అసిటేట్ మీద సుమారు 430. అసిటేట్ మీథేన్‌గా మారితే వచ్చేది మోల్‌కి 31 కిలోజౌళ్లే. 31ని 430తో భాగించి, 24.6తో గుణిస్తే 1.8 గ్రాములు. ప్రయోగశాలల్లో కొలిచిందీ రెండు గ్రాముల చుట్టుపక్కలే. కాలిక్యులేటర్ కుర్రాడి చేతికే ఇచ్చాను. జవాబు చూసి తనే మళ్లీ మొదట్నుంచి నొక్కాడు.

జూన్ 8, ఆదివారం

ఇంట్లో తీరిగ్గా బ్రోడా గురించి చదివాను. వియన్నాకు చెందిన ఈ శాస్త్రవేత్త 1977లో శక్తి లెక్కలు చూసి, అమ్మోనియాను నైట్రైట్‌తో ఆక్సీకరించి బతికే బ్యాక్టీరియా ఉండే వీలుందన్నాడు. అప్పటికి వాటి జాడ ఎవరికీ తెలియదు. 1990లలో డెల్ఫ్ట్‌లోనే వ్యర్థజలాల ట్యాంకులో ఆ చర్య బయటపడింది, 1999లో ఆ జీవినీ గుర్తించారు. అదే అనామాక్స్. చర్యలో అమ్మోనియం మోల్‌కి 357 కిలోజౌళ్లు వస్తాయి. కానీ ఒళ్లు కట్టుకోవాల్సింది కార్బన్ డయాక్సైడ్‌తో. అలాంటి జీవులకు కార్బన్-మోల్‌కి 3,500 కిలోజౌళ్ల దాకా ఖర్చు. అందుకే ఒంటికి పట్టేది అంత కొంచెం. ఎవరూ చూడని జీవికి కాగితం మీద చోటు ఉంచిన ఆ మనిషికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఒక సంగతి మరవకూడదు. శక్తి లెక్క హద్దు చెబుతుంది, వేగం చెప్పదు. ఎన్నాళ్లకు రెట్టింపవుతాయో రియాక్టర్‌లోనే చూడాలి.

జూన్ 12, గురువారం

వచ్చే వారం నుంచి స్పెంట్ వాష్ (డిస్టిలరీ వ్యర్థజలం) లోడ్ రెట్టింపు చేద్దామని పైనుంచి మాట వచ్చింది. జీఎం గారికి నోట్ రాశాను. అసిటేట్ రూపంలో టన్ను సీఓడీ (ఆక్సిజన్ లెక్కలో కొలిచే మలినం) పోతే పెరిగే మీథేన్ జీవులు 28 కిలోలు. ఎయిరేషన్‌లో టన్నుకి 400 కిలోల దాకా స్లడ్జ్ వస్తుంది. ఈ జీవులు తక్కువ పెరగడం మనకు లాభమే. అసిటేట్‌లోని శక్తిలో నూటికి 95 పాళ్లకు పైగా మీథేన్‌లోనే మిగిలి బాయిలర్‌కు వస్తోంది. కానీ ఒక్కసారిగా లోడ్ పెంచి ఆమ్లాలు పేరుకోనిస్తే, చచ్చిన జీవుల్ని ఈ 28 కిలోల లెక్కన మళ్లీ పెంచుకోవాలి. కాబట్టి పదో వంతు చొప్పున పెంచుదాం, ఆమ్లాలకూ క్షారతకూ నిష్పత్తి 0.3 దాటితే అక్కడే ఆపుదాం అని రాసి, కింద అసిటేట్ లెక్క మొత్తం వేసి సంతకం పెట్టాను.