చురుకు పుట్టుకతోనే వస్తుందా?

పిల్లలను చూచి "వీడు చురుకు, వాడు మందం" అని మనం తేలికగా అనేస్తుంటాము. ఆ మాట పిల్లల మనస్సులో చాలాకాలం నిలిచిపోతుంది. అందుకే ఈ చురుకు గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మేము గుడివాడ దగ్గర పల్లెలో ఉంటాము. మా అమ్మాయికి 12 ఏళ్లు. నిరుడు ఆటలు నేర్పే ఒకాయన "నీకు చేయి త్వరగా లేవదు, షటిల్ నీకు రాదు" అన్నారు. పిల్ల బ్యాటు అటక మీద పెట్టేసి, దాని ఊసే ఎత్తలేదు.

ఆ మాట నిజమో కాదో చూద్దామని ఒక సాయంత్రం 30 సెంటీమీటర్ల స్కేలు తీసికొన్నాను. దానిని నిలువుగా వేలాడదీసి, క్రింది చివర దగ్గర వేళ్లు తెరచి ఉంచమన్నాను. నేను చెప్పకుండా వదిలితే తను పట్టుకోవాలి. సెకండులో అయిదో వంతు కాలంలో స్కేలు సుమారు 20 సెంటీమీటర్లు జారుతుంది. కన్ను చూచిన దానికి చేయి కదలడానికి ఎవరికైనా ఇంచుమించు అంత కాలం పడుతుంది. పిల్లకు, వాళ్ల అన్నయ్యకు, నాకు రెండు వేళ్ల వెడల్పు తేడా కూడా రాలేదు.

పేరుపొందిన ఆటగాళ్లు సైతం ఈ విషయంలో మనకంటే మరీ ఎక్కువేమీ కారు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన క్రికెట్ బంతి దాదాపు అరసెకండులో వచ్చేస్తుంది. దానిని ఎలా కొడతారు? బంతి రాకముందే అది ఎటు వస్తుందో పోల్చుకుంటారు గనుక. అబర్నెతి, రస్సెల్ అనే పరిశోధకులు 1987లో బ్యాడ్మింటన్ ఆటను ఫిల్ములో చూపి, దెబ్బ పూర్తి కాకముందే ఆపి, షటిల్ ఎక్కడ పడుతుందని అడిగారు. కొత్తవారు బ్యాటును మాత్రమే చూచారు. నేర్పరులు ఎదుటివారి చేతి కదలికను కూడా చూచి ముందే గ్రహించారు.

చదరంగంలోనూ ఇంతే. ఆటలోని బల్లను అయిదు సెకండ్లు చూపి తీసివేస్తే, ఆరితేరినవారు చాలా పావులను తిరిగి పేర్చగలరు. పావులను ఇష్టం వచ్చినట్లు చెల్లాచెదరుగా పెడితే మాత్రం వారి ఆధిక్యం దాదాపు పోతుంది. 1973లో ఛేజ్, సైమన్ అనేవారు దీనిని చూపారు. 1987లో మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి తండ్రి అశోక్ గారే ఆట నేర్పారు. ఆమె 2002లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యింది. త్వరత్వరగా ఎత్తులు వేయవలసిన ర్యాపిడ్ ఆటలో 2019లోను, తిరిగి 2024లోను ప్రపంచ విజేతగా నిలిచింది. ఆ వేగం వెనుక చిన్ననాటి నుండి చూచిన వేలాది ఆటలున్నాయి.

మెదడు సంగతి ఇంకా ఆశ్చర్యం. తుపాకీతో గురి చూచే నేర్పరుల మెదడు తరంగాలను 1984లో అమెరికాలో పరీక్షించారు. కాల్చబోయే చివరి క్షణాల్లో, మాటలతో ఎక్కువ సంబంధమున్న ఎడమవైపు భాగం నెమ్మదించింది. సాధన పెరిగేకొద్దీ మెదడులో హడావిడి తగ్గుతుందన్నమాట. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల విలువిద్యలో మూడు బంగారు పతకాలు గెలిచిన మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ విల్లు ఎక్కుపెట్టినప్పుడు ఆ నెమ్మది ముఖంలోనే కనబడుతుంది. గట్టుమీద నుండి "కొట్టు, కొట్టు" అని మనం అరిచే అరుపులు ఆ నెమ్మదిని చెడగొడతాయేమో ఆలోచించండి.

కాబట్టి మా అమ్మాయికి లోటు చేతిలో లేదు, సాధనలో ఉంది. పల్లెలో ఆడపిల్లకు నీళ్లు, గిన్నెలు, తమ్ముళ్లు పోగా సాయంత్రం మిగిలేది ఎంత? ఇప్పుడు గిన్నెలు నేనూ వాళ్ల అన్నయ్యా కడుగుతున్నాము. ఆ గంట పిల్ల చర్చి ఆవరణలో తోటి పిల్లలతో ఆడుతోంది. ఎదుటివారి భుజం వైపు చూడమని మాత్రమే చెప్పాను. పతకాలు వస్తాయని నేను అనను. మునుపు వదిలేసే షటిళ్లు కొన్ని ఇప్పుడు అందుకొంటోంది.

మీ పిల్లలను మందమని అనబోయే ముందు, వారికి రోజుకు ఒక గంట, ఆడడానికి ఒక తోడు ఇచ్చామా అని అడుగుకొందాము.